అన్ని సెషన్లూ చేయాల్సిన పని లేదు

(నీటి మీద నలభై దాటాక: పాఠకుల ప్రశ్నలు, జవాబులు)

ప్రశ్న: నాకు ఈ ఏడాది 60 నిండుతాయి. ఇంగ్లండ్‌లో రెడింగ్ దగ్గర థేమ్స్ నదిలో తొమ్మిదేళ్ళుగా రేసింగ్ కయాక్ (రెండు చివరలా బ్లేడ్, అంటే రెక్క, ఉన్న తెడ్డుతో నడిపే సన్నని పందెం పడవ) నడుపుతున్నాను. వారానికి మూడు రోజులు, అంతా కలిపి 30 కిలోమీటర్లు. కిందటి ఫిబ్రవరిలో స్పెయిన్‌లోని సెవిల్‌లో పెద్దవయసు రేసర్ల శిక్షణ క్యాంపుకి వెళ్ళాను. ఏడు రోజులు, 13 సెషన్లు, దాదాపు 130 కిలోమీటర్లు. ఒక్కటీ మానలేదు. ఐదో రోజు నుంచి కుడి భుజం నొప్పి. ఇంటికొచ్చాక రెండు నెలలు పడవ ఎత్తలేకపోయాను. "ఈ వయసులో ఇంకా పందేలేంటి నాన్నా" అంటోంది మా అమ్మాయి. మళ్ళీ వెళ్ళనా, మానేయనా?

జవాబు: వెళ్ళండి. కాకపోతే ముందు ఆ భుజాన్ని ఫిజియోథెరపిస్టుకి చూపించి, చెయ్యి తల పైకి నొప్పి లేకుండా లేస్తోందని నిర్ధారించుకున్నాకే టికెట్ కొనండి.

నొప్పి ఎందుకొచ్చిందో మీ ఉత్తరంలోనే ఉంది. ఇంటి దగ్గర వారానికి 30 కిలోమీటర్లు, క్యాంపులో 130. అంటే ఒక్కసారిగా నాలుగు రెట్ల పైమాటే. ఇరవై ఐదేళ్ళ కుర్రాడైనా ఆ లెక్కకి భుజం పట్టేసుకుని కూర్చుంటాడు. తప్పు మీ వయసుది కాదు. మీ అమ్మాయికి కూడా ఈ లెక్కే చూపించండి.

నాకిప్పుడు 66. మొదటిసారి మీలాగే సెవిల్ క్యాంపుకి వెళ్ళినప్పుడు 58. అక్కడి కోచ్ గోడకి ఒకే పట్టిక అంటించారు, 35 ఏళ్ళ వాళ్ళకీ 70 ఏళ్ళ వాళ్ళకీ అదే. మాస్టర్స్ అనే పెద్దవయసు విభాగం 35 ఏళ్ళకే మొదలై ఐదేసి ఏళ్ళ చొప్పున సాగుతుంది కదా, వాళ్ళందరి ఒళ్ళూ ఒకేలా ఎలా కోలుకుంటుంది? అడగడానికి మొహమాటపడి నేనూ మీలాగే ప్రతి సెషనూ చేశాను. ఆ మొహమాటానికి నా మోచెయ్యి ఆరు వారాలు నన్ను నీటికి దూరం పెట్టింది. కాబట్టి వెళ్ళిన మొదటి సాయంత్రమే కోచ్‌తో స్పష్టంగా చెప్పండి: "ఏడు రోజుల్లో గట్టి సెషన్లు మూడే చేస్తాను, ఒక్కో దాని మధ్య 48 గంటలు ఉండాలి." మంచి కోచ్ అయితే సంతోషిస్తారు.

నా ఏడు రోజులు ఇలా ఉంటాయి. దిగిన రోజు ఒక్కటే సెషన్, ఆరు కిలోమీటర్లు, నిమిషానికి 60 సార్లకి మించకుండా తెడ్డు. రెండో రోజు పొద్దున గట్టిది: నాలుగేసి నిమిషాలు ఆరుసార్లు, మధ్యలో రెండు నిమిషాల విరామం. మధ్యాహ్నం నీళ్ళ జోలికి వెళ్ళను. మూడో రోజంతా మెల్లగా, టెక్నిక్ కోసం. నాలుగో రోజు మళ్ళీ గట్టిది. ఐదో రోజు పూర్తిగా సెలవు. ఆ రోజు ట్రియానా వంతెన దాటి నడుస్తాను, వీధుల్లో చెట్ల నిండా నారింజలు వేలాడుతుంటాయి. ఆరో రోజు మూడో గట్టి సెషన్, ఏడో రోజు నిదానంగా ఒక చుట్టు. మొత్తం 60 కిలోమీటర్లు దాటదు. మీరైతే వెళ్ళే ముందు నెల రోజుల్లో వారం దూరాన్ని 30 నుంచి మెల్లగా 45కి తెచ్చుకోండి.

ఈ పనికి సెవిల్ నిజంగా గొప్ప చోటు. నగరం మధ్యలో ఉన్న గ్వాదల్కివీర్ పాయని దక్షిణాన లాకుతో మూసేశారు. అందుకే సముద్రపు ఆటుపోట్లు లోపలికి రావు, ప్రవాహమూ ఉండదు. చలికాలంలో యూరప్ జట్లు అక్కడ చేరేది అందుకే. వంతెనలే మనకి గుర్తులు. అలమియో వంతెన దగ్గర బయల్దేరి, బార్కెటా వంతెన కింద గట్టిగా ఒక విడత, తర్వాత విశ్రాంతి. మన గోదావరి లంకల్లో రేవుల్ని బట్టి దూరం చెప్పుకున్నట్టే.

భుజం సంగతికొస్తే, వింగ్ తెడ్డుతో (రెక్కలా వంపు తిరిగిన బ్లేడ్ ఉన్న రేసింగ్ తెడ్డు) నీటిని చేతి బలంతోనే లాగుతున్నారేమో చూసుకోండి. తెడ్డు పాదాల దగ్గర నీట్లో దిగాలి, తుంటి దగ్గరికి రాగానే బయటికి రావాలి. బలం కాళ్ళ నుంచి, నడుము తిప్పడం నుంచి వస్తుంది. కుడివైపు తెడ్డు వేస్తున్నప్పుడు కుడి పాదం పడవలో కాళ్ళు ఆన్చే పలకని నొక్కాలి. పై చెయ్యి కంటి ఎత్తు దాటితే భుజం కీలు మీద భారం పడుతుంది. అలిసిపోయినప్పుడు నడుము తిరగడం ఆగిపోయి అంతా చేతుల మీదే పడుతుంది, ఐదో రోజున మీకు జరిగింది అదే అయ్యుండొచ్చు. నేను నా తెడ్డుని 217 సెంటీమీటర్ల నుంచి 213కి తగ్గించి, చిన్న బ్లేడ్‌కి మారాను. భుజం మీద తేడా మొదటి వారంలోనే తెలిసింది. క్యాంపులో పడవ అద్దెకి తీసుకున్నా తెడ్డు మాత్రం మీదే పట్టుకెళ్ళండి, రెండు ముక్కలుగా విడిపోయేది ఉంటుంది.

మీ అమ్మాయి ప్రశ్నకి ఇంకొక జవాబు. ఇటలీ తరఫున పోటీ చేసిన జోసెఫా ఇదెమ్ 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో 43 ఏళ్ళ వయసులో 500 మీటర్ల ఒంటరి కయాక్‌లో వెండి పతకం గెలిచారు. బంగారం సెకనులో వెయ్యింట నాలుగు వంతుల (0.004 సెకన్ల) తేడాతో చేజారింది. 47 ఏళ్ళకి లండన్‌లో మళ్ళీ ఫైనల్ చేరి ఐదో స్థానంలో నిలిచారు. ఆమెది ఎనిమిదో ఒలింపిక్స్. మనం ఆమె స్థాయి కాదు, నిజమే. కానీ "ఈ వయసులో ఎందుకు" అనే మాట ఆమెకి తప్పకుండా వినపడే ఉంటుంది.

ప్రశ్న: నాకు 61. వాచీలో గుండె వేగం 168 చూపిస్తోంది. 220లోంచి వయసు తీసేస్తే 159 కదా! టెన్షన్‌గా ఉంది.

జవాబు: ఆ లెక్క సగటు మాత్రమే. మనిషికీ మనిషికీ పది పన్నెండు అటూఇటూ ఉండడం మామూలే, పైగా మణికట్టు వాచీలు తెడ్డు వేసేటప్పుడు తప్పు చూపిస్తుంటాయి. ఛాతీకి కట్టే పట్టీ వాడి మళ్ళీ చూడండి. అయితే ఛాతీలో బరువు, కళ్ళు తిరగడం, గుండె తడబడడం ఉంటే అంకెతో పని లేదు, వెంటనే ఆపి డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. ఏమీ లేకపోయినా క్యాంపుకి ముందు ఒకసారి పరీక్ష చేయించుకోమనే నా మాట.

ప్రశ్న: ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో స్వాన్ నదిలో కయాక్ నేర్చుకుంటున్నాను, వయసు 54. సన్నని రేసింగ్ పడవలో ఐదు నిమిషాలకోసారి పడిపోతున్నాను. వెడల్పు పడవకి మారితే వెనకబడినట్టేనా?

జవాబు: కాదమ్మా. ఇదివరకు ఒంటరి రేసింగ్ కయాక్‌కి కనీసం 51 సెంటీమీటర్ల వెడల్పు ఉండాలనే నిబంధన ఉండేది. 2000 తర్వాత అది తీసేశారు, పడవలు బాగా సన్నబడ్డాయి. పడతానేమోనని ఒళ్ళు బిగబట్టుకుంటే నడుము తిరగదు, కాలు నొక్కదు. నిలకడ ఉన్న పడవలో పూర్తి బలంతో వెళ్ళేవాళ్ళే ముందు చేరతారు. ఒక ఏడాది సర్ఫ్‌స్కీ (లోపల కాకుండా పైన కూర్చుని నడిపే పొడవాటి కయాక్) నడపండి. పడినా లోతు నీళ్ళలో మళ్ళీ ఎక్కి కూర్చోవచ్చు. ఆ ఎక్కడాన్ని వారానికోసారి, లైఫ్ జాకెట్ వేసుకుని, పక్కన ఎవరో ఒకరు ఉన్నప్పుడు పదిసార్లు సాధన చేయండి.