అడ్‌హాక్ రౌటింగ్ ప్రాజెక్టు తీసుకోవచ్చా?

ప్రశ్న: ఈసీఈ మూడో సంవత్సరం చదువుతున్నాను. ఫైనలియర్ ప్రాజెక్టుకు వైర్‌లెస్ అడ్‌హాక్ నెట్‌వర్కుల్లో రౌటింగ్ తీసుకోవాలని ఉంది. స్నేహితులంతా కోడింగ్ కోర్సుల్లో చేరుతుంటే టెన్షన్‌గా ఉంది. దీన్ని నమ్ముకుంటే ఉద్యోగం వస్తుందా? – ఒక విద్యార్థిని, వరంగల్

జవాబు: తీసుకోండి. కేంద్ర రౌటర్ లేకుండా పరికరాలే ఒకదాని నుంచి ఒకటి డేటా అందించుకునే నెట్‌వర్కులో దారి ఎంచుకోవడమే ఈ రౌటింగ్. కాకపోతే ఈ పేరుతో ఉద్యోగ ప్రకటనలు దాదాపు కనిపించవు. వైఫై ఫర్మ్‌వేర్, వైర్‌లెస్ టెస్టింగ్, ఐఓటీ, ఎంబెడెడ్ సాఫ్ట్‌వేర్ అని వెతకాలి. వాటికి సి, లినక్స్ బాగా రావాలి. అంటే కోడింగ్ మీకూ తప్పదు.

నా దిగులంతా ప్రాజెక్టు చేసే పద్ధతి గురించే. చాలామంది ఏఓడీవీ అనే రౌటింగ్ ప్రోటోకాల్‌ను సిమ్యులేటర్‌లో నడిపి, నాలుగు గ్రాఫులు గీసి రిపోర్టు ఇచ్చేస్తారు. అందులో పక్కింటి వైఫై ఉండదు, మైక్రోవేవ్ ఓవెన్ ఉండదు. ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే అది బయటపడుతుంది. నగరంలో అసలు సమస్య చుట్టుపక్కల సిగ్నళ్ల జోక్యమే. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదానిమీద ఒకటి పడని ఛానళ్లు సాధారణంగా మూడే: 1, 6, 11. అపార్ట్‌మెంట్‌లోని రౌటర్లన్నీ వాటినే పంచుకోవాలి. బ్లూటూత్ కూడా అదే బ్యాండ్‌లో తిరుగుతుంది.

ఒక పరికరం నుంచి పక్క పరికరానికి డేటా వేసే గెంతును హాప్ అంటారు. ఏఓడీవీ తక్కువ హాప్‌లున్న దారి వైపే మొగ్గుతుంది. హాప్‌లు తగ్గాలంటే ఒక్కో లింకు దూరం పెరగాలి. దూరపు లింకు బలహీనంగా ఉంటుంది కాబట్టి చుట్టుపక్కల రద్దీకి ముందు దెబ్బతినేది అదే. దీనికి 2003లో ఎంఐటీ పరిశోధకులు ఈటీఎక్స్ అనే కొలతను ప్రతిపాదించారు. ప్యాకెట్ (డేటా ముక్క) చేరడానికి సగటున ఎన్నిసార్లు పంపాల్సి వస్తుందో లెక్కగట్టడమే అది. నేరుగా వెళ్లే లింకులో ప్యాకెట్ చేరే అవకాశం 0.5, అందిందన్న కబురు తిరుగు దిశలో చేరే అవకాశం 0.8 అనుకోండి. రెండూ గుణిస్తే 0.4, అంటే సగటున 2.5 సార్లు పంపాలి. మధ్యలో ఇంకో నోడ్ (పరికరం) మీదుగా ప్యాకెట్లు పోని రెండు శుభ్రమైన లింకులుంటే రెండుసార్లతో పని అయిపోతుంది. హాప్‌లు లెక్కపెట్టే ప్రోటోకాల్ మాత్రం మొదటి దారినే పట్టుకుంటుంది.

మీ ప్రాజెక్టు ఇక్కడ మొదలవ్వాలి. ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీ (రౌటర్లకు లినక్స్ ఆధారిత ఉచిత సాఫ్ట్‌వేర్) ఎక్కే పాత రౌటర్లు నాలుగు సంపాదించండి. వాటిలో ఓఎల్‌ఎస్‌ఆర్ అనే మరో రౌటింగ్ ప్రోటోకాల్ పెట్టి, హాప్‌ల లెక్కతో ఒకసారి, ఈటీఎక్స్‌తో ఒకసారి నడపండి. తెల్లవారుజామున కొలవండి, అందరూ ఇంటికొచ్చాక రాత్రి మళ్లీ కొలవండి. ఈటీఎక్స్ గత కొన్ని సెకన్ల సగటు మీద ఆధారపడుతుంది. జోక్యం ఉన్నట్టుండి పెరిగితే ఎంత ఆలస్యంగా దారి మారుస్తుందో చూడండి. ఆ ఒక్క ప్రశ్నకు మీ సొంత అంకెలతో జవాబు చెప్పగలిగితే చాలు, మంచి ప్రాజెక్టు.

దీనికి పని మన దగ్గరా ఉంది. హైదరాబాద్ ట్రిపుల్ఐటీ క్యాంపస్‌లో వై-సన్ మెష్ నెట్‌వర్క్ (పరికరాలు ఒకదాని మీదుగా ఒకటి డేటా పంపుకునేది) నడుస్తోంది. వీధి దీపాలు, స్మార్ట్ మీటర్ల కోసం పుట్టిన ఈ సాంకేతికత మన దేశంలో 865 మెగాహెర్ట్జ్ ప్రాంతంలో పనిచేస్తుంది. దాని రౌటింగ్ ఆర్‌పీఎల్ అనే ప్రోటోకాల్ మీద నడుస్తుంది, అక్కడ దారి ఎంపికకు కొలత మళ్లీ ఈటీఎక్సే. వేసవి సెలవుల్లోపు అక్కడి ల్యాబ్‌కు ఇంటర్న్‌షిప్ అడుగుతూ మెయిల్ రాయండి, మీ కొలతల గ్రాఫ్ ఒకటి జతచేయండి.