జోర్జో గీజీ ఎవరు? అతని చిత్రాల్లో ముందుగా ఏది చూడాలి?

ఇటలీలోని మాంటువాకు చెందిన చెక్కుడు పనివాడు (1520–1582). రాగిరేకు మీద సన్నటి ఉలితో గీతలు చెక్కి, వాటిలో సిరా నింపి, తడి కాగితం మీద అచ్చు తీసేవాడు. ఆయుధాల మీద బంగారు నగిషీ కూడా చేసేవాడు. 1554లో చేసిన డాలు బ్రిటిష్ మ్యూజియంలో ఉంది.

ముందుగా చూడాల్సింది 1561 నాటి ‘జీవిత రూపకం’. పగిలిన పడవ దగ్గర చెట్టుకు ఆనుకుని ఒక ముసలాయన, చుట్టూ నీళ్లు, వింత మృగాలు. కుడివైపు నుంచి ఒక స్త్రీ వస్తుంటుంది. కష్టాలకు లొంగకు, మరింత తెగించి ఎదురెళ్లు అనే ప్రాచీన రోమన్ కవి వర్జిల్ మాట కూడా చెక్కాడు. ప్రసిద్ధ ఇటలీ చిత్రకారుడు రాఫెల్ కల్పన అని రాసి ఉన్నా, అలాంటి రాఫెల్ చిత్రమేదీ దొరకలేదు. పేరు చూసి మోసపోకండి, మృగాల కళ్లు చూడండి!