వర్చువల్ మెషీన్ డిస్కుల గురించి బాబాయి ఉత్తరం

చిరంజీవికి,

నీ వర్చువల్ మెషీన్‌కి, అంటే అసలు సర్వర్ మీద సాఫ్ట్‌వేర్‌తో నడిచే కంప్యూటర్‌కి, నువ్వు వేసిన డిస్క్ ప్లాన్ చూశాను. 100 జీబీ డిస్క్‌ని ఆరు పార్టిషన్లుగా (విడి భాగాలుగా) కోసేశావు. అది పాత సర్వర్ల అలవాటురా. అక్కడ ఉన్న ఒక్క డిస్క్‌నే పంచుకోవాల్సి వచ్చేది. వర్చువల్ మెషీన్‌కి ఇంకో డిస్క్ తగిలించడం ఎంతసేపు? ఓఎస్‌కి ఒకటి, డేటాబేస్‌కి ఒకటి, లాగ్స్ (జరిగిన పనుల రికార్డులు) తెగ రాసే అప్లికేషన్ అయితే వాటికి ఇంకొకటి పెట్టు. లాగ్స్ పొంగిపొర్లినా రూట్ (ఓఎస్ ఉండే ప్రధాన భాగం) జోలికి రావు.

ఓఎస్ డిస్క్‌లో వరుస ముఖ్యం. నువ్వు రూట్ తర్వాత స్వాప్ (మెమరీ చాలనప్పుడు వాడే జాగా) పెట్టావు. రేపు డిస్క్‌ని 140 జీబీకి పెంచావనుకో, కొత్త 40 జీబీ స్వాప్‌కి అవతల పడుతుంది. రూట్ పెంచుదామంటే స్వాప్ అడ్డం. దాన్ని ఆపి, పార్టిషన్ తీసేసి, రూట్ పెంచి, మళ్లీ స్వాప్ పెట్టుకోవాలి. సర్వీసు నడుస్తుండగా ఈ పని పెట్టుకుంటే టెన్షనే. మెషీన్ స్టార్ట్ అవడానికి కావాల్సిన ఈఎఫ్‌ఐ, బూట్ పార్టిషన్లు ముందు పెట్టి రూట్‌ని చివర పెట్టు. స్వాప్‌కి ఒక ఫైలు చాలు. విండోస్‌లోనూ ఇదే గొడవ, సీ డ్రైవ్ వెనకే రికవరీ పార్టిషన్ కూర్చుని దాన్ని పెరగనివ్వదు. ఎల్‌వీఎం (డిస్క్ జాగాని వరుసతో పని లేకుండా పంచే లినక్స్ పద్ధతి) వాడితే ఈ బాధ చాలావరకు తప్పుతుంది.

డేటా డిస్క్‌కి అసలు పార్టిషనే వద్దంటాను. ఫైల్‌సిస్టమ్‌ని (ఫైళ్లు పెట్టే అమరికని) నేరుగా డిస్క్ మీదే వేస్తే, పెంచేటప్పుడు ఒకే కమాండ్‌తో పోతుంది. కాకపోతే దానికి లేబుల్ పెట్టు. లేదంటే ఎవరో ఒకరు ఖాళీ డిస్క్ అనుకుని ఫార్మాట్ కొట్టేస్తారు. ఎఫ్‌స్టాబ్‌లో (ఏ డిస్క్ ఎక్కడ తగిలించాలో చెప్పే ఫైలులో) యూయూఐడీ (ఫైల్‌సిస్టమ్‌కి ఉండే గుర్తింపు సంఖ్య) రాయి, ఎస్‌డీబీ, ఎస్‌డీసీ లాంటి పేర్లు రీబూట్ తర్వాత తారుమారు కావచ్చు.

సైజు తక్కువతోనే మొదలుపెట్టు. ఎక్స్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్‌సిస్టమ్‌ని నడుస్తుండగానే పెంచొచ్చు గానీ, తగ్గించాలంటే డేటా బయటికి తీసి కొత్తగా వేసుకోవడమే. ఈఎక్స్‌టీ4 అనే ఫైల్‌సిస్టమ్ తగ్గుతుంది, కానీ అన్‌మౌంట్ చేయాలి (వాడకం ఆపి విడదీయాలి).

థిన్ డిస్కులు (రాసిన డేటాకి తగ్గట్టే అసలు జాగా తీసుకునేవి) వాడుతున్నావు కాబట్టి ఇంకో మాట. వర్చువల్ మెషీన్లన్నిటికీ రాసిచ్చిన సైజులు కూడి, అసలు స్టోరేజ్ పక్కన పెట్టి చూసుకో. అది నిండిందంటే దాని మీదున్న మెషీన్లు ఒకటి తర్వాత ఒకటి ఆగిపోతాయి. లోపల ఫైళ్లు చెరిపేసినంత మాత్రాన ఆ జాగా స్టోరేజ్‌కి తిరిగి రాదు. ఖాళీ అయిన జాగాని స్టోరేజ్‌కి తెలిపే డిస్కార్డ్ ఆన్ చేసి, వారానికోసారి ఎఫ్‌స్ట్రిమ్ అనే కమాండ్ నడిచేలా చూడు.

డేటాబేస్ నెలకి ఎంత పెరుగుతోందో నువ్వు రాయలేదు. అది చెప్పు, డేటా డిస్క్ సైజు అప్పుడు తేల్చుదాం.

మీ బాబాయి