రీబూట్ అయ్యాక పాత ఎర్రర్లు ఎక్కడ వెతకాలి?

ప్రశ్న: సార్, నేను చూసుకునే లినక్స్ సర్వర్ రాత్రిపూట దానంతటదే రీబూట్ అయిపోతోంది. పొద్దున్నే డీమెసేజ్ (కెర్నల్, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ అసలు భాగం, ఇచ్చే మెసేజులు చూపించే dmesg కమాండ్) కొట్టి చూస్తే ఇప్పుడు బూట్ అయినప్పటి మెసేజులే తప్ప అంతకుముందువి లేవు. ఇంకోటి, క్రాన్‌లో (టైమ్ ప్రకారం పనులు నడిపే ప్రోగ్రామ్) పెట్టిన బ్యాకప్ స్క్రిప్ట్ ఫెయిలైన రోజు కూడా దాని లాగ్ ఫైల్లో ఒక్క ఎర్రర్ కనపడదు. ఎందుకని?

జవాబు: డీమెసేజ్ చూపించేది కెర్నల్ తన మెమరీలో పెట్టుకున్న బఫర్‌ని, అది నిండితే పాతవి చెరిగిపోతాయి, మెషిన్ రీబూట్ అయితే మొత్తం పోతుంది, కాబట్టి అక్కడ వెతికి లాభం లేదండి. జర్నల్‌ని (సిస్టమ్ లాగ్) చూపించే జర్నల్‌సీటీఎల్ కమాండ్‌కి మైనస్ బీ, పక్కన మైనస్ 1 ఇవ్వండి, అంతకుముందు బూట్ లాగ్ వస్తుంది. మైనస్ పీ 3 కూడా కలిపితే ఎర్రర్లు, అంతకన్నా తీవ్రమైనవి మాత్రమే వస్తాయి (లెవెల్స్ 0 నుంచి 7 దాకా, 0 అన్నిటికన్నా సీరియస్). నేనైతే 4 ఇచ్చి వార్నింగులు కూడా చూస్తా, డిస్క్ పోయేముందు సూచన చాలాసార్లు అక్కడే దొరికింది నాకు.

అసలు పాత బూట్ లేదంటోందా? అయితే జర్నల్ కూడా మెమరీలోనే ఉంటోందన్నమాట. జర్నల్ రాసే సర్వీస్ జర్నల్‌డీ, దాని కాన్ఫిగ్ ఫైల్లో స్టోరేజ్‌ని పర్సిస్టెంట్ అని మార్చి సర్వీస్ రీస్టార్ట్ చేయండి, ఇవాళే చేసేయండి, పోయినవి ఎలాగూ రావు. ఇంకో సంగతి, మామూలు ఎర్రర్లని జర్నల్ డిస్క్‌కి గట్టిగా సింక్ చేసేది 5 నిమిషాలకోసారి, క్రిటికల్, ఆపైవి మాత్రమే వెంటనే చేస్తుంది. అందుకే మెషిన్ ఉన్నట్టుండి పడిపోతే అసలు కావాల్సిన ఆఖరి లైన్లే మిస్సవ్వచ్చు. దీనికి ఆర్‌సిస్‌లాగ్ అనే లాగింగ్ ప్రోగ్రామ్‌తో లాగ్స్‌ని వేరే మెషిన్‌కి కూడా పంపించడం మంచిది, కెర్నల్ పానిక్ (కెర్నలే క్రాష్ అవడం) అని అనుమానం ఉంటే, కెర్నల్ మెసేజుల్ని నెట్‌వర్క్ మీద వేరే మెషిన్‌కి పంపే నెట్‌కన్సోల్ పెట్టండి.

ఇక స్క్రిప్ట్ సంగతి. మామూలు అవుట్‌పుట్ నంబర్ 1, ఎర్రర్లు నంబర్ 2, మీరు ఒట్టి > పెడితే ఫైల్లోకి వెళ్లేది 1 ఒక్కటే. చివర్లో 2>&1 కలపాలి, కానీ ఫైల్ పేరు తర్వాతే:

> ఫైల్ 2>&1

షెల్ ఎడమ నుంచి కుడికి చదువుతుంది కదా, ముందు 1ని ఫైల్‌కి మళ్లించి, తర్వాత 2ని 1 ఉన్నచోటికి పంపిస్తుంది. తిప్పి రాస్తే 2 వెళ్లేటప్పటికి 1 ఇంకా పాతచోటే ఉంటుంది, ఎర్రర్లు మళ్లీ ఫైల్లోకి రావు. ఇన్నాళ్లూ మీ ఎర్రర్లని క్రాన్ మెయిల్‌గా పంపించే ప్రయత్నం చేసుంటుంది, సర్వర్‌లో మెయిల్ సెటప్ ఉంటే ఆ యూజర్ మెయిల్‌బాక్స్ ఒకసారి తెరిచి చూడండి, పాతవి అక్కడ ఉండొచ్చు.