మనోళ్ళ ఐపీఎల్ టీమ్ ఫైనల్‌కి పోతా ఉంటే, ఆ టీమే నచ్చకపోతే ఏం చేయాలి?

ప్రశ్న: మాది తిరుపతి. ఊహ తెలిసినప్పట్నించీ చెన్నై సూపర్ కింగ్స్ అభిమానిని. సన్‌రైజర్స్ హైదరాబాద్ ప్లేఆఫ్స్‌కి పోయిందంటే చాలు, హాస్టల్లో "తెలుగోడివై ఉండి అరవోళ్ళకి జై కొడతావా" అని మొదలుపెడతారు. నాకు ఆ టీమ్ నచ్చదు, ఓడిపోతే బాగుండు అనిపిస్తుంది. ఇది తప్పా? ఆ వారం పది రోజులు గొడవ లేకుండా ఎట్లా నెట్టుకురావాలి?

జవాబు: తప్పేం లేదు. మీరు ఒంటరి కూడా కాదు. తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో చెన్నై పసుపు జెర్సీ ఎవరికీ వింత కాదు. పలమనేరు, కుప్పం వైపు పోతే బెంగళూరు అభిమానులు కూడా తగులుతారు. తిరుపతి నుంచి చెన్నైకి రోడ్డు మీద సుమారు 140 కిలోమీటర్లు, హైదరాబాద్‌కి సుమారు 550. చెన్నై చెపాక్ స్టేడియంలో రాత్రి మ్యాచ్ చూసి తెల్లారేసరికి ఇంట్లో ఉండొచ్చు. హైదరాబాద్ ఉప్పల్ స్టేడియంలో చూడాలంటే పోను ఒక రాత్రి, రాను ఒక రాత్రి. పట్టుచీరలకి కంచికి, పెద్ద జబ్బులకి వేలూరికి, కాలేజీకి చెన్నైకి పోయే ఇళ్ళు ఇవి. 1953 దాకా ఈ ప్రాంతం మద్రాసు రాష్ట్రంలోదే. 2014 తర్వాత హైదరాబాద్ పక్క రాష్ట్రం రాజధాని అయింది. అంతెందుకు, రాష్ట్రాల జట్లు ఆడే రంజీ ట్రోఫీలో ఆంధ్ర, హైదరాబాద్ వేర్వేరు జట్లు. సన్‌రైజర్స్‌కీ మనకీ మధ్య ఉన్న బంధం భాష ఒక్కటే. అది చిన్నదని అనను, కానీ దాంతో ఎవరినీ కట్టిపడేయలేరు.

ఇంక ఆ భాష సంగతే చూస్తే, మీ హాస్టల్ వాళ్ళ వాదన అంత గట్టిగా నిలబడదు. సన్‌రైజర్స్ కప్పు గెలిచింది ఒక్కసారి, 2016లో. బెంగళూరులో జరిగిన ఆ ఫైనల్లో 208 కొట్టి, కోహ్లీ జట్టుని 200 దగ్గర ఆపారు. 8 పరుగుల తేడా. ఆ రోజు ఆడిన పదకొండు మందిలో తెలుగువాడు ఒక్కడు లేడు. 2018 ఫైనల్ చెన్నైతో. సన్‌రైజర్స్ 178 కొడితే చెన్నై ఓపెనర్ వాట్సన్ 57 బంతుల్లో 117 నాటౌట్‌గా ఉతికేశాడు. ఆ మ్యాచ్‌లో మైదానం మీదున్న తెలుగువాడు గుంటూరు అంబటి రాయుడు, వేసుకున్నది పసుపు జెర్సీ, చివరిదాకా క్రీజులోనే ఉన్నాడు. ఆ సీజన్లో చెన్నైకి 602 పరుగులు చేశాడు. పైగా సన్‌రైజర్స్ ఓనర్లది సన్ టీవీ, ఊరు చెన్నై. దక్కన్ ఛార్జర్స్ రద్దయ్యాక 2012లో ఫ్రాంచైజీని కొన్నది వాళ్ళే. అరవోళ్ళకి జై కొట్టడమే తప్పైతే రెండు జెర్సీలకీ ఆ తప్పు అంటుతుంది.

ఈ మందుగుండంతా ఒక్కసారి వాడి వదిలేయండి. రోజూ వాడితే అభిమానం పోయి కోర్టు కేసులా తయారవుతుంది. అవతలివాళ్ళు కూడా ఊరుకోరు. 2016, 2017లో చెన్నై సస్పెన్షన్‌లో ఉన్న సంగతి తీస్తారు, 2025లో పట్టికలో అట్టడుగున పదో స్థానంలో నిలిచిన సంగతి తీస్తారు. రెండూ నిజాలే, మీ దగ్గర జవాబుండదు.

అసలు పని మొదలయ్యేది ఇక్కడ: మీకు ఎందుకు నచ్చదో ముందు మీకు తేలాలి. ప్లేఆఫ్స్ ముందు ఒక సాయంత్రం కూర్చుని, కారణం ఒక్క వాక్యంలో పెట్టుకోండి. చాలామంది ఇక్కడే బోల్తా పడతారు. "వాళ్ళకి బౌలింగే లేదు", "ఫ్లాట్ పిచ్ మీదే ఆడతారు" అని ఆటలో లోపం వెతికి, దాన్ని ఇష్టం లేకపోవడానికి కారణంగా చెప్తారు. అట్లాంటి కారణం ఒక్క మంచి మ్యాచ్‌తో కూలిపోతుంది. 2024 క్వాలిఫయర్ 2, అంటే ఫైనల్‌కి ముందు మ్యాచ్, గుర్తుంది కదా. ఆ ఏడాది సన్‌రైజర్స్ అంటే బ్యాటింగే అన్నారు. బెంగళూరు మీద 287, ఢిల్లీ మీద పవర్‌ప్లేలోనే, అంటే మొదటి ఆరు ఓవర్లలోనే, వికెట్ పోకుండా 125, లక్నో పెట్టిన 166 లక్ష్యాన్ని 9.4 ఓవర్లలో ఊదేయడం. తీరా చెపాక్‌లో రాజస్థాన్ మీద కొట్టింది 175 మాత్రమే. గెలిపించింది స్పిన్. షాబాజ్ అహ్మద్ మూడు, పార్ట్‌టైమర్ అభిషేక్ శర్మ రెండు వికెట్లు తీసి 36 పరుగులతో ఫైనల్‌కి పంపారు. "బౌలింగ్ లేదు" అన్నవాళ్ళు ఆ రాత్రి నోరెత్తలేదు.

నిలబడే కారణాలు వేరే రకం. "నాకు ధోనీ జట్టు అలవాటు, ఇంకో జట్టు పట్టదు" అనండి, దాన్ని ఏ స్కోరూ కొట్టేయలేదు. "2021లో వార్నర్‌ని సీజన్ మధ్యలో కెప్టెన్సీ నుంచి తీసేసి, తర్వాత జట్టులోంచే పక్కన పెట్టారు, అప్పట్నించి మనసు విరిగింది" అనండి, అదీ నిలబడుతుంది. సీజన్లో అందరికంటే ఎక్కువ పరుగులు చేసినవాడికిచ్చే ఆరెంజ్ క్యాప్ మూడుసార్లు తెచ్చి, కప్పు గెలిపించిన కెప్టెన్ కదా. సన్‌రైజర్స్ అభిమానుల్లోనే సగం మంది ఆ మాటకి తలూపుతారు. ఇంకో నిజాయితీ గల కారణం కూడా ఉంది, ఎవరూ పైకి చెప్పరు: జట్టు మీద కోపం లేదు, మార్చి నెలంతా మ్యాచ్ చూడకుండా మేలో సన్‌రైజర్స్ ఆరెంజ్ జెర్సీ కొనుక్కొచ్చి మనకి పాఠాలు చెప్పేవాళ్ళ మీదే చిరాకు. మీది ఈ రకమైతే జట్టు ఓడిపోవాలని కోరుకోవడం అనవసరం. వాళ్ళు ఓడినా ఈ మనుషులు మారరు, వచ్చే ఏడాది గెలిచే ఇంకో జట్టు జెర్సీలో కనబడతారు.

తర్వాత ప్లేఆఫ్స్ లెక్క. ఇది అర్థం కాక తొందరపడి పరువు పోగొట్టుకునేవాళ్ళు ప్రతి ఏడాదీ ఉంటారు. పట్టికలో మొదటి రెండు జట్లు క్వాలిఫయర్ 1 ఆడతాయి. గెలిచింది నేరుగా ఫైనల్‌కి. ఓడింది ఇంటికి పోదు. మూడు, నాలుగు స్థానాల వాళ్ళ ఎలిమినేటర్‌లో గెలిచిన జట్టుతో క్వాలిఫయర్ 2 ఆడుతుంది. 2024లో సన్‌రైజర్స్ రెండో స్థానం. మే 21న అహ్మదాబాద్‌లో కోల్‌కతా చేతిలో 8 వికెట్లతో ఓడితే "అయిపోయింది" అని స్టేటస్‌లు పెట్టినవాళ్ళు, మే 24న జట్టు ఫైనల్‌కి చేరాక అవి తీసేసుకోవాల్సి వచ్చింది. కాబట్టి మీ వ్యతిరేక జట్టు టాప్ రెండులో ఉంటే క్వాలిఫయర్ 1 ఫలితం గురించి ఒక్క మాట మాట్లాడొద్దు. మూడో స్థానమో నాలుగో స్థానమో అయితే ప్రతి మ్యాచూ చావో రేవో, అప్పుడు లెక్క సులభం.

మ్యాచ్ రాత్రి ఎక్కడ కూర్చోవాలి అన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ గొడవలు సగం అక్కడే పుడతాయి. కామన్ రూంలో వెనక వరుస, తలుపు దగ్గర కుర్చీ మంచిది. వికెట్ పడినప్పుడు అందరి మొహాలూ టీవీ వైపే ఉంటాయి, మీ మొహం ఎవరికీ కనబడదు. ముందు వరుసలో కూర్చుంటే మీ పెదవి కదిలినా కథే. పసుపు జెర్సీ వేసుకోకండి. ఫైనల్లో అవతలి జట్టు చెన్నై అయితే వేరే సంగతి. కోల్‌కతాతోనో రాజస్థాన్‌తోనో ఆడుతుంటే పసుపు రంగు మీ అభిమానం చెప్పదు, కవ్వింపు అనిపిస్తుంది. అట్లాగని ఆరెంజ్ టీషర్టు అడిగి తెచ్చుకుని నటించడం ఇంకా చెడ్డది. మూడో ఓవర్లోనే దొరికిపోతారు, తర్వాత మీ మాటకి విలువుండదు.

ఇంకో జాగ్రత్త ఫోన్‌తో. యాప్‌లో వచ్చే ప్రసారం డిష్ కంటే చాలా సెకన్లు వెనకబడి ఉంటుంది, నెట్ నిదానంగా ఉంటే ఇంకా ఎక్కువ. మీరు ఫోన్‌లో చూస్తూ ఉంటే బౌలర్ ఇంకా రన్నప్ మొదలుపెట్టక ముందే పక్క బ్లాక్ నుంచి అరుపు వస్తుంది. ఫోర్ కొట్టారో వికెట్ పడిందో అరుపుని బట్టే తెలిసిపోతుంది, మ్యాచ్ చప్పబడిపోతుంది. రూంలో ఒంటరిగా చూడాలనుకుంటే ఇయర్‌ఫోన్స్ పెట్టుకోండి, స్కోర్ నోటిఫికేషన్లు ఆపేయండి. అవి కూడా యాప్ కంటే ముందొస్తాయి. అందరితో చూడాలంటే టీవీ ముందుకే పోండి, చేతిలో ఇంకో స్క్రీన్ పెట్టుకోవద్దు. డిష్ చూసేవాళ్ళ మధ్య మీ ఫోన్ ఆలస్యంగా మోగి "సిక్సర్" అని అరిస్తే మీరే జోకర్ అవుతారు.

చూసేటప్పుడు మంచి ఆటని మంచి ఆట అనండి. ఇది మర్యాద కోసం చెప్పడం లేదు. అవతలి జట్టు బౌలర్ మంచి బంతి వేస్తే ఆ బంతి గురించి మాట్లాడితే ఎవరూ తప్పు పట్టరు. 2024 ఫైనల్ మొదటి ఓవర్లో కోల్‌కతా బౌలర్ స్టార్క్ అభిషేక్ శర్మకి వేసిన బంతి చూడండి: మిడిల్ స్టంప్ మీద పడి బయటికి తిరిగి ఆఫ్ స్టంప్ ఎగరగొట్టింది. తర్వాతి ఓవర్లో వైభవ్ అరోరా ఇంకో ఓపెనర్ ట్రావిస్ హెడ్‌ని, అతను ఆడిన మొదటి బంతికే కీపర్ క్యాచ్‌తో పంపాడు. ఐదో ఓవర్లో త్రిపాఠీ కూడా పోయాడు. అక్కడ "అబ్బ, ఏం బంతిరా" అంటే క్రికెట్ తెలిసినవాడివి అంటారు. "హెడ్ గాడు తుస్సు" అంటే గొడవ. రెండు మాటల వెనకా ఉన్న సంతోషం ఒక్కటే, అది మీకు తెలుసు, వాళ్ళకీ తెలుసు. కానీ ఒకదానికి టీ ఇప్పిస్తారు, ఇంకోదానికి కాలర్ పట్టుకుంటారు.

వాట్సాప్ గ్రూపుల్ని టాస్ ముందు, అంటే రాత్రి 7 లోపు, 8 గంటల పాటు మ్యూట్ చేయండి. అందులో ఉన్న అన్నింటికంటే చిన్న గడువు అదే, తెల్లవారుజాము 3 దాకా సరిపోతుంది. ఆ లోపు అందరి ఆవేశమూ చల్లారుతుంది. గ్రూప్ వదిలి బయటికి పోకండి, వదిలిపోవడం కూడా ఒక స్టేట్‌మెంట్ కింద లెక్క. ఇంటి గ్రూపులో మామో బాబాయో "మనోళ్ళు ఇరగదీస్తా ఉండారు" అని పెడితే "అవును మామా, నితీష్ బాగా ఆడతా ఉండాడు" అని రాయండి, చాలు. ఇది అబద్ధం కూడా కాదు. విశాఖపట్నం నితీష్ కుమార్ రెడ్డికి 2024లో ఎమర్జింగ్ ప్లేయర్ అవార్డు వచ్చింది. జట్టు నచ్చకపోయినా ఒక ఆటగాడిని ఇష్టపడొచ్చు, ఆ వారం రోజులు సులభంగా గడపడానికి ఇంతకంటే మంచి దారి లేదు. పెద్దవాళ్ళకి సన్ టీవీ కథా, రాయుడి కథా చెప్పకండి.

పందెం విషయంలో మాత్రం గట్టిగా చెప్తున్నా. జట్టు నచ్చనివాడినే పందేలకి మొదట పిలుస్తారు: "నీకు వాళ్ళ మీద నమ్మకం లేదు కదా, వెయ్యి పెట్టు" అని. నచ్చకపోవడం వేరు, ఓడిపోతారని లెక్క కట్టడం వేరు. కోపంలో ఈ రెండూ కలిసిపోతాయి, డబ్బు పోయేది అందుకే. ఆంధ్రప్రదేశ్‌లో 2020లో చట్టం సవరించి ఆన్‌లైన్ పందేలని నిషేధించారు, పట్టుబడితే చదువు మధ్యలో కేసు మెడకి చుట్టుకుంటుంది. టీ, బిర్యానీ పందేలతో ఆగండి.

వాళ్ళు కప్పు గెలిస్తే అదే రాత్రి ఒక్క వాక్యంలో అభినందించండి, ఆటగాడి పేరు పెట్టి. "కంగ్రాట్స్" అని ఒక్క ముక్క పడేస్తే ఏడుస్తున్నావు అంటారు. "ఫలానావాడి నాలుగు ఓవర్లే మ్యాచ్ తిప్పేశాయి" అంటే ఎవరూ ఏమీ అనలేరు. ఓడిపోతే నోరు మూసుకోవడం ఇంకా కష్టం. 2024 ఫైనల్లో సన్‌రైజర్స్ 18.3 ఓవర్లలో 113కి ఆలౌట్, ఐపీఎల్ ఫైనల్స్‌లో అంతకంటే తక్కువ స్కోరు లేదు. కోల్‌కతా 10.3 ఓవర్లలోనే ముగించేసింది. అట్లాంటి రోజు మ్యాచ్ తొందరగా అయిపోతుంది, రాత్రి చాలా మిగిలి ఉంటుంది, గొడవకి టైమూ దొరుకుతుంది. అప్పుడు వెంటనే రూంకి పోయి పడుకోవడమే మంచిది. మొదటి జోకు వాళ్ళ అభిమాని నోటి నుంచే రానివ్వండి. సాధారణంగా మర్నాడు టిఫిన్ దగ్గరే వస్తుంది, వాళ్ళకి వాళ్ళ జట్టు మీద మనకంటే ఎక్కువ కోపం ఉంటుంది. అక్కడి నుంచి మీరు కూడా కలవొచ్చు.

ఫైనల్ చెన్నైలోనే పడితే, 2024లో అట్లాగే పడింది, పోవాలా వద్దా అని అడిగేవాళ్ళున్నారు. టికెట్ దొరికితే పోండి. మామూలు చొక్కా వేసుకోండి, బ్యాగు, నీళ్ళ సీసా లేకుండా పోండి, గేటు దగ్గర ఆపేస్తారు. తిరుపతి బస్సులు మాధవరం బస్టాండు నుంచి బయలుదేరతాయి, స్టేడియానికి అది దగ్గర కాదు. మ్యాచ్ వదిలాక అందరూ ఒకేసారి ఆటోల మీద పడతారు. రెండో ఇన్నింగ్స్ పదిహేనో ఓవర్ నాటికి ఫలితం తేలిపోయి ఉంటే లేచి వచ్చేయండి. కప్పు ఇచ్చేది చూడటానికి మీకేం ఆత్రం లేదు కదా.