అక్వేరియం నీళ్లలో చేయి పెడితే జివ్వుమంటోంది, ఎంసీబీ మాత్రం పడట్లేదు

అమలాపురంలో పాత పెంకుటింట్లో ఉంటున్న ఒకరు అడిగిన ప్రశ్న ఇది. ఎంసీబీ అంటే కరెంటు మరీ ఎక్కువైతే తనంతట తానే పడిపోయి సరఫరా ఆపే స్విచ్. చాలావరకు హీటర్ గాజు బీటలివ్వడమో, పంపు లోపలి సీలు పోవడమో అయ్యుంటుంది. కరెంటు నీళ్లలోకి లీకవుతోంది. ఇంకోసారి చేయి పెట్టి చూడకండి.

1. మెయిన్ ఆపి, ట్యాంకు ప్లగ్గులన్నీ పీకేయండి. స్విచ్ ఆపితే చాలదు. పాత వైరింగులో స్విచ్ న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్లే వైరు) మీద ఉంటే, ఆపినా ఫేజు (కరెంటు వచ్చే వైరు) నీళ్లలోనే ఉంటుంది.

2. హీటర్‌ను పావుగంట నీళ్లలోనే చల్లారనిచ్చి తీయండి. గాజులో సన్నని గీత, లోపల తడి కనిపిస్తే పారేయండి, టేపు చుట్టి వాడొద్దు. పంపునూ ఎలక్ట్రీషియన్‌తో మెగ్గర్ (లీకు ఉందేమో చూసే మీటరు) పెట్టించి చూడండి.

3. అందరూ వదిలేసేది ఇదే. ఎంసీబీ ఓవర్‌లోడ్, షార్ట్ సర్క్యూట్‌లకే పడుతుంది. 6 ఆంపియర్ల ఎంసీబీకి 50 మిల్లీ ఆంపియర్ల లీకు తెలియదు, మనిషి ప్రాణం తీయడానికి అది చాలు. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపే స్విచ్) పెట్టించండి. నెలకోసారి దాని టెస్ట్ బటన్ నొక్కండి.

4. అమలాపురంలో మీది తాతల నాటి పెంకుటిల్లు అన్నారు, ఎర్త్ వైరు ఉందో లేదో చూపించండి. లీకైన కరెంటుకు ఎర్త్‌లోకి దారి దొరికితే లీకు మొదలవగానే ఆర్‌సీసీబీ పడుతుంది. లేకపోతే మీరు ముట్టుకున్నాకే పడుతుంది. మూడు పిన్నుల ప్లగ్గుకు రెండు పిన్నుల అడాప్టర్ తగిలిస్తే ఎర్త్ ఉన్నా లేనట్టే.

5. ప్రతి వైరూ సాకెట్ కంటే కిందికి వేలాడి, మళ్లీ పైకి వెళ్లాలి. జారిన నీరు ఆ వంపు దగ్గరే కారిపోతుంది. స్పైక్ బోర్డును ట్యాంకు కింద నేల మీద పెట్టొద్దు.

అంతవరకు చేపలకు బ్యాటరీ ఎయిర్ పంపు పెట్టండి.