నత్తను పట్టుకున్న బాబుకు నులిపురుగుల మాత్ర వేయాలా?

ప్రశ్న: వానలు మొదలైనప్పటి నుంచి మా మిద్దె తోటలోని పుదీనా కుండీల్లో గుల్ల లేని నత్తలు కనిపిస్తున్నాయి. నిన్న మా నాలుగేళ్ల బాబు ఒకదాన్ని పట్టుకుని ఆడాడు. నోట్లో పెట్టుకున్నాడో లేదో చూడలేదు. నత్తల్లోని పురుగు మెదడుకు పాకుతుందని చదివి భయంగా ఉంది. నులిపురుగుల మాత్ర వేయమంటారా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: మీరు చదివింది అబద్ధం కాదు. అయితే ముఖ్యంగా భయపడవలసింది నత్తను, లేదా నత్త ముక్క అంటుకున్న పచ్చి ఆకును మింగినప్పుడే. పట్టుకుని చేతులు కడుక్కుంటే ముప్పు చాలా తక్కువ. చాలామంది గుల్ల లేని నత్తను జలగ అనుకుంటారు గానీ, ఇది రక్తం తాగదు.

ఆ పురుగు పేరు యాంజియోస్ట్రాంజిలస్ కాంటోనెన్సిస్. దీన్ని 1935లో చైనాలోని కాంటన్ ఎలుకల్లో గుర్తించి వర్ణించారు. పెద్ద పురుగులు ఎలుక ఊపిరితిత్తుల రక్తనాళాల్లో ఉంటాయి, వాటి పిల్లలు ఎలుక పెంటికల్లో బయటపడతాయి. ఆ పెంటికలను తిన్న నత్త కండరాల్లోకి చేరి, రెండు మూడు వారాల్లో రెండుసార్లు కుబుసం విడిచి, ఇతర జీవులకు సోకే దశకు వస్తాయి. నత్త శరీరం ఊరుకోదు. దాని రక్తకణాలు ఒక్కొక్క పురుగు చుట్టూ మూగి గూడు కట్టినట్టు బంధిస్తాయి. కానీ పురుగు ఆ గూటిలో చావదు, ఎలుక ఎప్పుడు ఈ నత్తను తింటుందా అని కాచుకుని ఉంటుంది. నత్త కూడా పెద్దగా జబ్బు పడదు కనుక, పురుగున్న నత్తేదో లేనిదేదో చూసి చెప్పలేము.

మనిషిలో కథ వేరు. మెదడు దాకా వచ్చిన పురుగు సాధారణంగా అక్కడే చనిపోతుంది. దాని మీదికి గుంపుగా వచ్చే మన ఇసినోఫిల్ అనే తెల్ల రక్తకణాల వల్లే మెదడు పొరల వాపు, అంటే మెనింజైటిస్, ముదురుతుంది. మన దేశంలో కేరళలో, పచ్చి ఉడుము మాంసం తిన్నవారిలోనూ ఈ జబ్బు కనిపించింది.

అందువల్ల మాత్ర సొంతంగా వేయకండి. లక్షణాలు మొదలయ్యాక వేస్తే, ఒక్కసారిగా చచ్చిన పురుగుల వల్ల వాపు పెరిగే ప్రమాదం ఉందని చాలామంది వైద్యులు జాగ్రత్త పడతారు. బాబును ఒకసారి పిల్లల డాక్టరుకు చూపించి, నత్త సంగతి తప్పక చెప్పండి. నోట్లో పెట్టుకుని ఉండవచ్చనే అనుమానం ఉంటే మాత్ర అవసరమా కాదా ఆయనే నిర్ణయిస్తారు. మూడు వారాల దాకా తీవ్రమైన తలనొప్పి, మెడ పట్టేయడం, వాంతులు, జ్వరం, అదేపనిగా మత్తుగా ఉండడం, చర్మం ముట్టుకుంటే మంటగా ఉందనడం గమనిస్తే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

పుదీనాను ఒక్కో రెమ్మ విడదీసి ధారగా పారే నీటిలో కడగండి; ఉప్పు నీటిలో నానబెడితే చాలన్న నమ్మకం పెట్టుకోకండి. వండితే పురుగు చస్తుంది, కాబట్టి ఈ వానల్లో మిద్దె మీది ఆకులు పచ్చివి తినకపోవడమే నయం. ఎలుకలు కుండీల దగ్గరికి రాకుండా చూసుకోండి.